సహజ చక్రమా, ఇంజెక్షనా? ఆడ ఎలుక ఎదకు రావడాన్ని చదవడానికి ఏది మేలు?

దేవరకొండ వైపు నుంచి వచ్చే ఒక ఎమ్మెస్సీ అమ్మాయి అడిగింది: "సార్, ఎలుక ఎదకు రావడాన్ని మెదడులో హార్మోన్లు ఎట్లా నడిపిస్తాయో చూడాలంటే మామూలు ఎలుకలు సరిపోతాయా, అండాశయాలు తీసేసి ఇంజెక్షన్లు ఇవ్వాలా?" వాళ్లింట్లో బర్రెలున్నాయి. బర్రె ఇరవై ఒక్క రోజులకోసారి ఎదకొస్తుందని, అరుపు వినగానే వాళ్ల నాయిన పసిగడతాడని తనే చెప్పింది. ఎలుకకైతే ఆ చక్రం నాలుగైదు రోజులే.

సహజ చక్రం చూడటానికి పెద్ద ఖర్చు లేదు. రోజూ పొద్దున్నే డ్రాపర్‌తో యోనిలోకి చుక్క సెలైన్ వదిలి, వెనక్కి తీసి, స్లైడ్ మీద పెట్టి చూస్తే చాలు. గుండ్రటి కణాల గుంపులు కనిపిస్తే ఆ రాత్రికే ఎద. చేప పొలుసుల్లాంటి పలచటి కణాలే నిండిపోతే ఎద దాటిపోతోందన్నమాట. ఎలుకలో ఈ పద్ధతిని లాంగ్, ఎవాన్స్ అనే శాస్త్రవేత్తలు 1922లోనే వివరంగా రాశారు. చిక్కు ఒక్కటే: అండాశయాలు వదిలే రెండు హార్మోన్లలో ఎస్ట్రాడయాల్ పెరిగిన వెంటనే అదే సాయంత్రం ప్రొజెస్టిరాన్ కూడా ఎగబాకుతుంది. ఏ పని ఏది చేసిందో విడదీయలేం.

ఇంజెక్షన్ పద్ధతి ఆ ముడిని విప్పుతుంది. అండాశయాలు లేని ఎలుక మగదాన్ని దగ్గరికి రానివ్వదు. దానికి ఎస్ట్రాడయాల్‌ను నువ్వుల నూనెలో కలిపి చర్మం కింద ఇస్తారు. మన వంటింటి నూనెలాంటిదే, మందు అందులోంచి మెల్లగా ఒంట్లోకి దిగుతుంది. రెండు రోజులాగి ప్రొజెస్టిరాన్, మరో నాలుగైదు గంటలకు మగ ఎలుక. మగది పదిసార్లు పైకెక్కితే ఆడది ఎన్నిసార్లు నడుము వంచి, తోక పక్కకు పెట్టిందో లెక్కపెట్టాలి. దీన్నే లార్డోసిస్ అంటారు.

ఆ రెండు రోజులు ఎందుకు? మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లోని వెంట్రోమీడియల్ కేంద్రకం అనే నాడీకణాల గుంపులో ఎస్ట్రాడయాల్ తన గ్రాహకాన్ని, అంటే హార్మోన్‌ను అందుకునే ప్రోటీన్‌ను, పట్టుకుని, జన్యువుల చేత ప్రొజెస్టిరాన్ గ్రాహకాలను తయారు చేయిస్తుంది. తాళం బిగించకుండా తాళంచెవి తెస్తే ఏం లాభం? అందుకే ప్రొజెస్టిరాన్ ఒక్కటే ఇస్తే పని జరగదు. ఎస్ట్రాడయాల్ ఒక్కటే తగినంత ఇస్తే నడుము వంగుతుంది కానీ, మగదాన్ని పిలిచే చేష్టలు, అంటే ఎగిరి దూకడం, చెవులు అదిలించడం బాగా రావాలంటే రెండోది కావాలి. గినీ పందుల్లో ఈ జోడీని డెంప్సీ, హెర్ట్జ్, యంగ్ 1936లోనే చూపించారు. ఎస్ట్రాడయాల్‌ను అందుకునే ఎస్ట్రోజెన్ ఆల్ఫా గ్రాహకం జన్యువు తీసేసిన చుంచులకు రెండు హార్మోన్లూ ఇచ్చినా లార్డోసిస్ రాదు.

ఆ అమ్మాయి ప్రశ్న "మెదడులో ఏది ఏం చేస్తుంది" అన్నది కాబట్టి, ఇంజెక్షన్ పద్ధతే మేలని చెప్పాను. కానీ అది కోతతో కూడిన పని. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, మత్తు, నొప్పి మందు ఇవ్వాలి, మానడానికి ఓ వారం ఆగాలి. ఇంకోటి, ఏ పద్ధతైనా ఇరుకు బోనులో మగదాన్ని వదిలితే ఆడదానికి తప్పించుకునే దారుండదు. ఆడది మాత్రమే దూరగలిగే చిన్న కంతలున్న అడ్డు పెడితే, ఎప్పుడు వెళ్లాలో ఎప్పుడు వెనక్కి రావాలో అదే నిర్ణయించుకుంటుంది. ఈ ఏర్పాటు లేని కొలతను నేను పూర్తిగా నమ్మను.

ఆపరేషన్ జోలికి పోకముందు నెల రోజులు స్మియర్లు, అంటే ఆ సెలైన్ చుక్కల స్లైడ్లు, చూడమన్నాను. మూడో వారం మైక్రోస్కోప్ మీంచి తల ఎత్తకుండానే, "సార్, ఇది ఈ రాత్రికి ఎదకొస్తది" అంది.