ట్యూబులర్ రిమ్ము కోసం హైదరాబాద్‌లో ఐదు రోజులు: ఎక్కడ పని అయింది, ఎక్కడ కాళ్లు అరిగాయి

గోనె సంచిలో రెండు సైకిల్ చక్రాలు వేసుకుని హనుమకొండలో బస్సెక్కితే కండక్టర్ అడిగిన మొదటి మాట "పంచర్ షాపు పెడ్తున్నవా అన్నా?" అని. అవుననే చెప్పా, అసలు కథ చెప్పాలంటే జనగామ దాటిపోతుంది.

కథేంటంటే మా గల్లీలో ఉండే రిటైర్డ్ ప్రొఫెసర్ సార్, ఆర్‌ఈసీలో (ఇప్పటి ఎన్‌ఐటీ) పనిచేసే రోజుల్లో ఫ్రాన్స్ వెళ్లొచ్చినప్పుడు తెచ్చుకున్న ప్యూజో రేసింగ్ సైకిల్ నాకిచ్చేశారు. 1980ల నాటిది. ఫ్రేము మస్తుగా ఉంది, గేర్లు కూడా కదులుతున్నాయి, కానీ వెనక రిమ్ము మాత్రం స్పోకులు దిగే కన్నాల దగ్గర నాలుగు చోట్ల పగిలింది, టైర్లయితే వేలితో రాస్తే పొడి రాలుతోంది. పైగా అవి మామూలు టైర్లు కావు, ట్యూబులర్లు. తెలియని వాళ్లకి చెప్తా: మామూలు టైరు అంచుల్లో తీగ ఉంటుంది, రిమ్ము గోడలు దాన్ని పట్టుకుంటాయి. ట్యూబులర్‌లో ట్యూబుని లోపల పెట్టి బట్టని చుట్టూ కుట్టేస్తారు, పాములాగ ఒకటే గుండ్రటి గొట్టం, రిమ్ముకి పట్టుకునే అంచులే ఉండవు, పైన కాస్త పల్లంగా ఉన్న చోట జిగురు పూసి అతికించడమే. అందుకే ఆ రిమ్ముకి ఈ టైరు తప్ప వేరేది ఎక్కదు. సార్ అయితే "మామూలు చక్రాలు వేసేసుకో నాయనా" అన్నారు గానీ నాకు మనసొప్పలేదు.

గురువారం పొద్దున బయల్దేరడానికి కారణం జుమ్మెరాత్ బజార్, అది గురువారమే పెడతారు కదా. నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో దిగా, రోజుకి ఏడొందలు. లొకేషన్‌కి వంక పెట్టలేం, బజారుకీ కోఠీకీ ఆటోలో పది నిమిషాలు, ట్రాఫిక్ ఉంటే అరగంట. కానీ లిఫ్టు పనిచేయదు, రూమ్ మూడో అంతస్తు, చక్రాలు భుజాన వేసుకుని ఎక్కా. కౌంటర్‌లో ఆయన సంచి విప్పి చూపించమన్నాడు, చూసి "ఇంతేనా" అన్నట్టు మొహం పెట్టాడు. నీళ్లు మాత్రం ఇరవై నాలుగ్గంటలూ వచ్చాయి, ఆ రేటుకి అదే గొప్ప.

జుమ్మెరాత్ బజార్‌లో పాత ఇనుము, టేప్ రికార్డర్లు, ఒక్క కాలు చెప్పులు అన్నీ ఉన్నాయి. సైకిల్ సామాను నాలుగైదు కుప్పలు కనపడ్డాయి. ఒక కుప్ప దగ్గర కుర్రాడు రిమ్ము తీసి "అట్ఠాయీస్ హై భాయ్, తీసుకో" అన్నాడు. ఇక్కడే జనాలు మోసపోయేది, అతన్ని అనడానికీ లేదు, పేరులోనే ఉంది తకరారు. మన పాత నల్ల సైకిళ్ల 28 అంటే ఇరవై ఎనిమిది బై ఒకటిన్నర, దాని టైరు కూర్చునే చోట వ్యాసం 635 మిల్లీమీటర్లు. రోడ్ బైకుల 700సి అంటే 622. ట్యూబులర్ టైర్ల మీద కూడా కంపెనీలు 28 అనే వేస్తాయి, అది 700సి చక్రానికి జతయ్యే సైజు. ఒకటే అంకె, మూడు రకాల చక్రాలు. ఇంకో తేడా కన్నాలు, మన పాత సైకిళ్లకి ముందు 32, వెనక 40, నా హబ్బులు (చక్రం మధ్యలో స్పోకులు తగిలించే భాగం) రెండూ 36. టేపు పెట్టి కొలిచి చూపిస్తే ఆ కుర్రాడు "ఫిట్ చేసేస్తారు భాయ్, కొట్టి కొట్టి ఎక్కిస్తారు" అన్నాడు. కొట్టి ఎక్కించే సీనుంటే ఇంత దూరం ఎందుకొస్తా?

రిమ్ముల కోసమైతే జుమ్మెరాత్ బజార్ వద్దు. పాత బ్రేకు లీవర్లు, ఇత్తడి బెల్లు, డైనమో లైట్లు కావాలంటే వెళ్లొచ్చు, నేను కూడా ఒక బెల్లు తెచ్చుకున్నా ఎనభై రూపాయలకి. ఆదివారం ఎర్రగడ్డ సంత కూడా చూశా, మెట్రో దిగితే పక్కనే, జనం ఎక్కువ, సైకిళ్లు ఎక్కువే, కానీ అన్నీ పిల్లల సైకిళ్లూ తుప్పు పట్టిన గేర్ సైకిళ్లూ. గంటలో తిరిగొచ్చేశా.

శుక్రవారం కోఠీ. సైకిల్ షాపులన్నీ తిరిగితే ట్యూబులర్ అనే మాట వినగానే సగం మంది ట్యూబ్‌లెస్ అనుకున్నారు. చివర్లో ఒక సందులో చిన్న రిపేరు కొట్టు, అరవై దాటిన చాచా, స్టాండు మీద చక్రం తిప్పుతూ సుద్దముక్కతో బెండు గుర్తు పెడుతున్నాడు. నా చక్రం చేతిలోకి తీసుకుని తిప్పి, పగుళ్ల మీద గోరు పెట్టి గీకి, "కుట్టిన టైరు బండి గదా ఇది, రేసింగ్ పోరగాళ్లు తెస్తుండిరి మునుపు" అన్నాడు. నాలుగు షాపుల్లో వినని మాట. ఎక్కడి పోరగాళ్లు చాచా అంటే "యూనివర్సిటీల గుండ్రం రోడ్ లేదా, ఆడ."

గుండ్రం రోడ్ అంటే ఓయూ క్యాంపస్‌లో 2002 నేషనల్ గేమ్స్ కోసం కట్టిన వెలోడ్రోమ్, అంటే సైకిల్ రేసుల ట్రాక్. ఇక్కడ నా తెలివితక్కువతనం చెప్పుకోవాలి, గురువారం నేను ఉప్పల్‌లో బస్సు దిగి మెట్రో ఎక్కి ఆ క్యాంపస్ పక్కనున్న తార్నాక స్టేషన్ మీదుగానే నాంపల్లి వచ్చా. ట్రాక్ సైకిళ్లు ట్యూబులర్ల మీదే తిరిగేవని చదివిన వాడినే, ఆ ముక్క బుర్రకి తట్టలేదు.

శనివారం లాడ్జి ఖాళీ చేసి నానక్‌రామ్‌గూడలో బావమరిది ఫ్లాటుకి మారా. దుప్పట్లు శుభ్రం, ఏసీ, చెల్లెమ్మ చేతి పెసరట్టు, కానీ పాత సామాను వేటకి అక్కడ ఉండటం దండగ, కోఠీకి పోయి రావడానికే పూట గడిచిపోతుంది. ఒక లాభం ఏంటంటే ఓఆర్‌ఆర్ పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ దగ్గర్లోనే, 2023లో తెరిచారు, మొత్తం 23 కిలోమీటర్లు. పొద్దున్నే వెళ్లి నిలబడితే అన్నీ కార్బన్ బళ్లే. ఒకాయన ఆగి నా గోల విని మాదాపూర్ వైపు ఒక షోరూమ్ పేరు చెప్పాడు. అక్కడ సేల్స్‌మన్ ముందు ట్యూబులర్లు రావు సార్ అన్నాడు, తర్వాత ఆర్డర్ పెడితే ఆరు వారాలు, ఫుల్ అడ్వాన్స్, రిటర్న్ లేదు అన్నాడు. నేను బయటికొస్తుంటే లోపల్నుంచి మెకానిక్ కుర్రాడు పరిగెత్తుకొచ్చి "సార్ ఒకటుంది, ఎవరో ఆర్డరిచ్చి తీసుకోలేదు" అని విట్టోరియా ర్యాలీ ట్యూబులర్ టైరు ఒకటి అట్టపెట్టెతో సహా ఇచ్చాడు. రెండు వేల ఎనిమిదొందలు. ర్యాలీ అంటే ప్రాక్టీసుకి వాడే చవక రకం, నాకు అంతకన్నా అక్కర్లేదు. షోరూమ్ సర్వీసుకి పదికి మూడు, ఆ కుర్రాడికి పదికి పది.

ఆదివారం ఎర్రగడ్డ నుంచి తార్నాక. సాయంత్రం వెలోడ్రోమ్ దగ్గర పిల్లలకి నేర్పిస్తున్న పెద్దాయన ఒకరు కనపడ్డారు, విషయం చెప్తే ఏం మాట్లాడకుండా స్కూటర్ ఎక్కమన్నారు. హబ్సిగూడలో ఇల్లు, మేడ మీద రేకుల షెడ్డు, మేకులకి రిమ్ములు దండల్లాగ వేలాడుతున్నాయి. నాకు నోట మాట రాలేదు. 36 కన్నాలది ఒక్కటే ఉంది, మావిక్ జీఎల్330, వెండి రంగు, స్టిక్కరు సగం ఊడింది. ట్రాక్ సైకిలుకి వాడింది కాబట్టి పక్క గోడల మీద ఒక్క గీత లేదు, ట్రాక్ బండికి బ్రేకులే ఉండవు కదా. నేల మీద పరిచి చూస్తే ఒక చోట రూపాయి బిళ్ల దూరేంత సందు, అంతే, ఆ మాత్రం స్పోకులు లాగితే సర్దుకుంటుంది. కన్నాల చుట్టూ పగుళ్లు లేవు. పాత జిగురు మాత్రం బెల్లం పాకంలా గట్టిపడి ఉంది.

ఒకటే అనుమానం, జీఎల్330 పేరుకి తగ్గట్టే 330 గ్రాముల రిమ్ము, నేనేమో 78 కిలోలు, బరువంతా పడేది వెనకే. ఆ పెద్దాయనే దారి చెప్పారు: నీ ముందు చక్రంలో ఉన్న జీపీ4 రిమ్ము గట్టిది, అది బాగానే ఉంది కదా, దాన్ని వెనక్కి వేయించు, ఈ తేలికదాన్ని ముందు పెట్టు. రిమ్ము, దాంతో పాటు పంచరైన కాంటినెంటల్ ట్యూబులర్ ఒకటి, రెండూ కలిపి పదిహేనొందలు తీసుకున్నారు, అదీ నేను బలవంతం చేస్తే.

సోమవారం మళ్లీ చాచా దగ్గరికి. వెనక చక్రం పని నేను కూర్చుని చూశా. పగిలిన రిమ్ము పక్కనే మంచి రిమ్ముని ఆనించి టేపుతో కట్టేశాడు, ఒక్కో స్పోకు ఊడదీసి పక్క రిమ్ములోకి మారుస్తూ పోయాడు, రెండూ ఒకే మోడల్ కాబట్టి పాత స్పోకులే సరిపోయాయి, ఫ్రీవీల్ విప్పే పనే పడలేదు. ముందు చక్రం మామూలుగానే అల్లాడు. బెండు తీసి, జతజతగా స్పోకులు వేళ్లతో నొక్కి చూసి, వినికిడి యంత్రం పెట్టుకున్న చెవి దగ్గరికి తెచ్చి మీటి చూశాడు. రెండు చక్రాలకి ఆరొందలు. జిగురు విషయంలో మాత్రం చాచా మాట వినలేదు, పంచర్ సొల్యూషన్ పూసేద్దామన్నాడు, దాంతో మలుపులో టైరు ఊడితే మన పళ్లు ఊడతాయి. దీనికి రిమ్ము సిమెంటు వేరే ఉంటుంది, నేను ముందే ఆన్‌లైన్‌లో తెప్పించి పెట్టుకున్నా.

పంచరైన టైరుకి కుట్టు విప్పి, ట్యూబుకి ప్యాచ్ వేసి, మళ్లీ కుట్టాలి. ప్యాచ్ చాచా వేశాడు, కుట్టు నా వల్ల కాదన్నాడు. ఆ సందు మొదట్లోనే చెప్పులు కుట్టే ఆయన ఉంటే ఇచ్చా. మైనం రాసిన దారంతో పాత కన్నాల్లోంచే సూది పోనిస్తూ, ట్యూబుకి సూది తగలకుండా కింద రేకు ముక్క అడ్డం పెట్టి, జానెడు మేర పావుగంటలో కుట్టాడు. నలభై రూపాయలు. ఈ ట్రిప్పులో నేను చూసిన నంబర్ వన్ సర్వీసు ఇదే. గాలి కొట్టించడానికి మాత్రం తిప్పలు, ఈ టైర్లకుండే ప్రెస్టా వాల్వు సన్నంగా ఉంటుంది కాబట్టి ఏ పంచర్ షాపు గొట్టమూ పట్టదు, ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో పెట్టుకుని వెళ్లండి.

తిరుగు బస్సులో చక్రాలు ఒళ్లో పెట్టుకునే కూర్చున్నా, జిగురు లేకుండానే టైర్లు ఎక్కించి గాలి కొట్టి ఉంచా, సాగాలి కదా. ఇప్పుడు రిమ్ములకి రెండో పూత అయింది, ఇల్లంతా వాసన అని మా ఆవిడ చక్రాలని మేడ మీదకి పంపించింది, కుట్టిన టైరు రాత్రికి రాత్రి కొంచెం మెత్తబడుతోంది, లోపలిది లాటెక్స్ ట్యూబ్ అయితే అది మామూలే, కాకపోతే మళ్లీ చెప్పుల ఆయన దగ్గరికే.