బర్‌ఫర్డ్ ఉన్ని మూటలా, పెయిన్స్‌విక్ టీ డబ్బాలా?

ఇంగ్లండ్‌లోని కాట్స్‌వోల్డ్స్ కొండప్రాంతంలో ఉన్ని, బట్టల వ్యాపారాలతో గడించినవాళ్ల సమాధులు చూడాలంటే ఈ రెండు ఊళ్ల చర్చి ఆవరణలకు వెళ్లాలి. రెండుచోట్లా వాడింది అక్కడి సున్నపురాయే.

బర్‌ఫర్డ్‌లోవి పెట్టె సమాధులు. కొన్నింటి మూత సగానికి కోసిన పీపాలా గుండ్రంగా ఉంటుంది, దానిమీద వరసగా గాడులు. ఆ మూతలు ఉన్ని మూటలకు గుర్తని వాడుక. శవాన్ని ఉన్నిబట్టలోనే చుట్టి పూడ్చాలని 1666లో చట్టం వచ్చింది కాబట్టి అది ఆ శవవస్త్రమని ఇంకో వాదన. వ్యాపారుల ఊళ్లో మొదటిదే ప్రచారంలోకి రావడం వింతేం కాదు! అన్నట్టు, పెట్టె లోపల ఎవరూ ఉండరు. అది డొల్ల, మనిషి నేలకిందే.

పెయిన్స్‌విక్‌లో పెట్టెలతోపాటు నిలువుగా లేచిన పీఠ సమాధులున్నాయి. వాటికి టీ డబ్బాలని ముద్దుపేరు. 1787లో పోయిన శిల్పి జాన్ బ్రయన్‌కైతే ఏకంగా పిరమిడ్ కట్టారు. చుట్టూ నున్నగా కత్తిరించిన యూ అనే సతతహరిత చెట్లు.

రెండింటికీ జబ్బు ఒకటే: పలకల్ని పట్టి ఉంచే ఇనుప బద్దీలు తుప్పుపట్టి ఉబ్బితే రాయి చీలిపోతుంది.

ఫొటోలకైతే పెయిన్స్‌విక్. దగ్గరగా వంగి చెక్కడం చూసే ఓపికుంటే మాత్రం నా ఓటు బర్‌ఫర్డ్‌కే.