మెంబ్రేన్‌కు చెరకు పిప్పా, వరిగడ్డా?

పంట వ్యర్థాలతో నీటి ఫిల్టర్ మెంబ్రేన్ (నీటిని వడకట్టే పలుచని పొర) చేయాలనుకునే విద్యార్థులు పదేపదే అడిగే ప్రశ్న ఒకటే: ఏ వ్యర్థం తీసుకోవాలి? చాలామంది సెల్యులోజ్ శాతం, అంటే మెంబ్రేన్‌కు పనికొచ్చే నార పదార్థం ఎంతుందో చూసి తేల్చేస్తారు. ఆ లెక్కన అరటి నారదే పైచేయి, అందులో 60 శాతం దాకా ఉంటుంది. చెరకు పిప్పిలో 40–45, వరిగడ్డిలో 35–40. నేను మాత్రం ఆ సెల్యులోజ్ బయటికి రావడానికి ఏమేం కడిగి పారబోయాలో ముందు చూస్తాను.

వరిగడ్డిని కాలిస్తే 10–15 శాతం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే బూడిద మిగులుతుంది. అందులో ఎక్కువ భాగం సిలికా, ఇసుకలో ఉండే పదార్థమే. గడ్డిని కాస్టిక్ సోడాలో ఉడికిస్తే నారలను అతికించి ఉంచే లిగ్నిన్‌తో పాటు ఈ సిలికా కూడా కరిగి నల్లటి ద్రవంలోకి దిగుతుంది. కాగితం మిల్లుల్లో ఆ ద్రవాన్ని చిక్కబరిచి, మండించి, సోడాను తిరిగి రాబట్టుకుంటారు. సిలికా ఉంటే గొట్టాల లోపల గట్టి పొర కట్టి ఆ పని సాగనివ్వదు. ఇక మిగిలేది మురుగు కాలువే. నీటిని శుభ్రం చేసే వస్తువు కోసం నీటినే పాడుచేయడం నాకు మింగుడుపడదు.

పిప్పిలో బూడిద తక్కువ, పైగా చక్కెర మిల్లు దగ్గర ముందే నలిగి ఒకేచోట కుప్పగా దొరుకుతుంది. అలాగని పని తేలికేం కాదు. లోపలి మెత్తటి బెండు రసాయనాలను ఊరికే పీల్చేస్తుంది, దాన్ని ముందే జల్లించి తీసేయాలి. లిగ్నిన్ 20 శాతానికి అటూఇటూ ఉంటుంది కాబట్టి బ్లీచింగ్ తప్పదు. తెల్లబడిన గుజ్జును ఆక్సీకరించి నానోఫైబర్లుగా, అంటే కంటికి కనిపించనంత సన్నటి పోగులుగా విడదీస్తే, నూటికి ఒక వంతు పదార్థమే ఉన్నా గాజులా పారదర్శకమైన జెల్లీ అవుతుంది. ఆ పోగుల మీది రుణావేశం, ధనావేశం ఉన్న సీసం, కాడ్మియం అయాన్లను పట్టుకుంటుంది. ఫ్లోరైడ్‌కూ రుణావేశమే ఉంటుంది కాబట్టి అది చిక్కదు. నీటిలో కరిగిన ఉప్పును కూడా ఇది ఆపలేదు.

అరటి నార మంచిదే, కానీ బోదెలో తొంభై శాతానికి పైగా నీరే, మోయడం భారం. ఊకను సెల్యులోజ్ కోసం వాడొద్దు. దాని బూడిదలోని సిలికాతో సిరామిక్ మెంబ్రేన్లు చేస్తారు. అవి వేడికీ క్లోరిన్‌కూ తట్టుకుంటాయి.

కాబట్టి నా ఓటు పిప్పికే. గడ్డి తప్ప ఇంకేమీ దొరకదంటే, ఆ నల్లటి ద్రవంలో ఆమ్లం కలిపి సిలికాను అడుగుకు దించే ఏర్పాటు చేసుకున్నాకే మొదలుపెట్టండి.