పాత గోవా చర్చీలా, మద్రాసు చర్చీలా: సీమవాళ్లు ముందు ఏవి చూడాలి?

గుంతకల్లు జంక్షన్ నుంచి రెండు దారులున్నాయి. పడమరకు బళ్లారి, హుబ్లీ మీదుగా గోవా. ఆగ్నేయానికి గుత్తి, తాడిపత్రి, కడప, రేణిగుంట మీదుగా మద్రాసు. రెండు చోట్లా నాలుగైదు వందల ఏళ్ల నాటి చర్చీలున్నాయి. ఇంటిల్లిపాదీ కదలాలి, సెలవులేమో మూడు రోజులే. అప్పుడు ఏది ముందు?

కట్టడాలు చూడాలని ఉంటే పాత గోవా. మన సీమ చరిత్రకూ, మన క్రైస్తవ సంఘాల చరిత్రకూ సంబంధించినవి చూడాలంటే మద్రాసు. మొదటిసారి బయల్దేరేవాళ్లు, వానాకాలం కాకపోతే, పాత గోవాకే వెళ్లాలని మా అభిప్రాయం. ఒక్క రోజులో వెళ్లి రావాలనుకునే కడపవాళ్లకు మాత్రం మద్రాసు తప్ప వేరే దారి లేదు. కడప నుంచి సుమారు 260 కిలోమీటర్లు, రైల్లో ఐదు గంటలు.

పాత గోవా ఒకప్పుడు పోర్చుగీసువాళ్ల రాజధాని. మలేరియా, కలరా పదేపదే చెలరేగడంతో జనం ఊరు వదిలారు. 1843లో రాజధాని హోదా కూడా పణజికి పోయింది. ఇళ్లు, బజార్లు మట్టిలో కలిశాయి, చర్చీలు మాత్రం నిలిచాయి. అందుకే పెద్ద చర్చీలన్నీ ఇంచుమించు కిలోమీటరు లోపలే ఉంటాయి. ఆటో అక్కర్లేదు, దారి తప్పేదీ లేదు. వీటిని 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ముందు బాం జీసస్ బసిలికా చూడండి. 1594లో మొదలుపెట్టి 1605లో ప్రతిష్ఠించారు. బీచ్‌ల వైపు నుంచి టూరిస్టు బస్సులు వచ్చేలోపు, తలుపులు తీసిన గంటలోనే లోపలికి వెళ్తే మెడ నొప్పి పుట్టేదాకా బలిపీఠం బంగారు పనిని చూసుకోవచ్చు. పునీత (సెయింట్) ఫ్రాన్సిస్ జేవియర్ భౌతిక దేహమున్న వెండి పేటిక బలిపీఠానికి కుడి పక్క గదిలో, చాలా ఎత్తున ఉంటుంది. కింది నుంచి ముఖం కనిపిస్తుందని ఆశపడకండి. పదేళ్లకొకసారి జరిగే ప్రదర్శనలోనే పేటికను కిందికి దించి ఎదురుగా ఉన్న సే కెథడ్రల్‌కు తీసుకెళ్తారు. పోయినసారి అది 2024 నవంబరు 21 నుంచి 2025 జనవరి 5 వరకు జరిగింది. మామూలు రోజుల్లో పేటిక కింద ఉన్న పాలరాతి పీఠాన్ని నిదానంగా చూడండి. ఫ్లోరెన్సు శిల్పి ఫోజ్జీని పదేళ్లు పనిచేసి చేసిన ఆ పీఠాన్ని టస్కనీ ప్రభువు మూడో కోసిమో కానుకగా పంపాడు. 1698లో ఇక్కడ నిలబెట్టారు. చిన్న బైనాక్యులర్ ఉంటే కంచు పలకల మీద ఆ పునీతుడి జీవిత ఘట్టాలు స్పష్టంగా తెలుస్తాయి. లోపల మనుషులను నిలబెట్టి ఫొటోలు తీయనివ్వరు.

బయటికొచ్చాక గోడలు చూడండి. తవ్వినప్పుడు మెత్తగా ఉండి గాలి తగిలాక గట్టిపడే ఎర్ర గుల్లరాయి అది. తాడిపత్రి నాపరాయి నీటిని జార్చేస్తే, ఈ రాయి నీటిని తాగుతుంది. అందుకే అప్పటి మేస్త్రీలు దాని మీద మందంగా సున్నం పూశారు. బాం జీసస్ మీది పూతను 1950లలో గీకేశారు. ఇవాళ అందరూ ఇష్టపడి ఫొటో తీసుకునే ఆ ఎర్రదనం నిజానికి కట్టడానికి పట్టిన జబ్బు. ఏటా వానకు రాయి కొంచెం కొంచెం అరుగుతోంది. మళ్లీ సున్నం పూయాలా వద్దా అన్న వాదన గోవాలో ఇంకా తెగలేదు. మా దృష్టిలో పూయడమే న్యాయం. రోడ్డు దాటి తెల్లగా మెరిసే సే కెథడ్రల్ ముందు నిలబడితే ఎందుకో తెలుస్తుంది.

సే కెథడ్రల్ పని 1562లో మొదలై 1619లో ముగిసింది. పొడవు సుమారు 250 అడుగులు, వెడల్పు 181 అడుగులు. పోర్చుగీసు సేనాని అల్బుకెర్క్ గోవాను పట్టుకున్న 1510 నవంబరు 25 పునీత కేథరీన్ పండుగ రోజు, అందుకే ఆమె పేరు పెట్టారు. ముందు భాగం ఒంటి గోపురంతో వెలితిగా కనిపిస్తుంది. రెండోది 1776లో కూలిపోయింది, మళ్లీ కట్టలేదు. మిగిలిన గోపురంలోనే 1652లో పోత పోసిన బంగారు గంట ఉంది. ఆ పేరు దాని మోత వల్ల వచ్చింది. పక్కనే అస్సీసీ ఫ్రాన్సిస్ చర్చి, దాన్ని ఆనుకుని పురావస్తు మ్యూజియం ఉన్నాయి. రోమ్‌లోని పేతురు బసిలికా నమూనాలో కట్టిన కెజెటాన్ చర్చి నాలుగడుగుల దూరమే. ఇవన్నీ చూడటానికి నాలుగైదు గంటలు పడుతుంది.

ఎక్కువమంది వదిలేసేది గుట్ట మీది పునీత అగస్టీన్ శిథిలాలు. వదలకండి. 46 మీటర్ల గోపురంలో సగమే మిగిలింది. కప్పు 1842లో, ముఖభాగం 1931లో కూలాయి. 1624లో ఇరాన్‌లో చంపబడిన జార్జియా రాణి కెటెవాన్ ఎముకల కోసం ఇక్కడే తవ్వారు. దొరికిన ఎముక ఆమెదేనని డీఎన్‌ఏ పరీక్షలతో తేల్చింది మన హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ. నీడ ఉండదు కాబట్టి సాయంత్రం నాలుగు తర్వాత ఎక్కండి.

అమరావతి ఎక్స్‌ప్రెస్ నంద్యాల, డోన్, గుంతకల్లు మీదుగానే గోవా వెళ్తుంది. అయితే అది వారంలో కొన్ని రోజులే ఉంది. వెళ్లే తేదీ చూసుకుని తిరిగొచ్చే తేదీ మరిచిపోవడం వల్లే చాలామంది చివర్లో బస్సు టికెట్ల కోసం పరుగులు తీస్తారు. రెండు టికెట్లూ ఒకేసారి తీసుకోండి. పాత గోవాకు దగ్గరి స్టేషన్ కర్మలి, కానీ ఈ రైలు అటు పోదు. మడ్గావ్‌లో దిగి పణజికి బస్సు, అక్కడి నుంచి మరో 10 కిలోమీటర్లు. రైలు పగటిపూట కనుమ దిగితే దూద్‌సాగర్ జలపాతం కిటికీలోంచే కనిపిస్తుంది. పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

ఇక మద్రాసు. ఇక్కడి చర్చీలు పరంగిమల (సెయింట్ థామస్ మౌంట్) నుంచి జార్జిటౌన్ దాకా చెదిరి ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో వేళ. వరస తప్పితే సగం రోజు మూసిన గేట్ల ముందే గడిచిపోతుంది.

పొద్దున్నే ఫోర్ట్ సెయింట్ జార్జ్‌లోని సెయింట్ మేరీస్ చర్చికి వెళ్లండి. కోటలో సచివాలయం ఉంది కాబట్టి గుర్తింపు కార్డు అడుగుతారు, పెద్ద బ్యాగులతో ఇబ్బంది. సామాను సెంట్రల్ స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టండి, బ్యాగుకు తాళం ఉండాలి. 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠించిన ఈ చర్చి మన దేశంలోని ఆంగ్లికన్ చర్చీలన్నిటిలోకీ పాతది. ఫిరంగి గుండుకు తట్టుకునేలా నాలుగడుగుల మందం గోడలు, పైన కర్ర దూలం లేని ఇటుక కమాను కప్పు. 1753లో క్లైవు పెళ్లి ఇక్కడే జరిగింది.

సీమవాళ్లను ఇక్కడ ఆపేది మరొకటి. దత్త మండలాలకు, అంటే బళ్లారితో కలిసిన అప్పటి మన సీమకు, కలెక్టరుగా చేసి, తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. గుత్తి కోట కింద పూడ్చారు. 1831లో ఆ అవశేషాలను తెచ్చి ఈ చర్చిలోనే ఉంచారు. గుత్తి సమాధుల తోట, పత్తికొండ బావి ముందే చూసి ఇక్కడికి వస్తే ఆ రాతి పలక దగ్గర ఎవరూ వివరించనక్కర్లేదు. పాత గోవాలో మనకు ఇలాంటి సంబంధం దొరకదు.

కోట నుంచి ఆర్మీనియన్ వీధి దగ్గరే. 1772 నాటి ఆర్మీనియన్ చర్చి మధ్యాహ్నానికే మూసేస్తారు, కాబట్టి రెండోదిగా దీన్నే పెట్టుకోండి. తర్వాత ఎగ్మూరులో సెయింట్ ఆండ్రూస్ కర్క్. నేల మెత్తనిదని బావుల్లాంటి గుంతలు దింపి, వాటి మీద 1821 నాటికి కట్టిన గుండ్రని చర్చి ఇది. నీలం రంగు గుమ్మటాన్ని 16 స్తంభాలు మోస్తాయి. ఇంజనీరింగ్ చదివే పిల్లలుంటే దీనికి అరగంట ఎక్కువే కేటాయించండి.

కడప, గుత్తి, జమ్మలమడుగు సీఎస్‌ఐ కుటుంబాలు సెయింట్ జార్జ్ కెథడ్రల్ తప్పక చూడాలి. కడపలో 1822లో మొదలైన లండన్ మిషన్ సంఘాలు, ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలతో కలిసి దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) అయింది 1947 సెప్టెంబరు 27న ఈ కప్పు కిందే. ఆరాధన లేని రోజుల్లో తలుపు వేసి ఉంటే ఆఫీసులో మర్యాదగా అడగండి. మూసి ఉందని గేటు నుంచే వెనక్కి పోవద్దు.

కడప మరియాపురం కెథడ్రల్‌కు వెళ్లే కథోలికులకు శాంతోమ్ బసిలికా, పరంగిమల ముఖ్యం. శాంతోమ్‌లో ఇప్పుడున్న కట్టడం 1896 నాటిది, శిఖరం సుమారు 155 అడుగులు. క్రీస్తు శిష్యుడు పునీత తోమా సమాధి గదికి దారి వేరు, చర్చి వెనక నుంచి దిగాలి. పై చర్చిలో కొవ్వొత్తి వెలిగించి, అంతే అనుకుని సమాధి చూడకుండా వెళ్లిపోయేవాళ్లు ఎందరో. పరంగిమల మీద 1523 నాటి చర్చి, పాత పర్షియా లిపి పహ్లవీ చెక్కిన రాతి సిలువ ఉన్నాయి. మెట్లు నూటికి పైనే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను రోడ్డు మీదుగా వాహనంలో పైదాకా తీసుకెళ్లవచ్చు. ఎండ తగ్గాక దీన్ని ఆఖరున పెట్టుకోండి.

శుక్రవారం పాత గోవా మ్యూజియానికీ, మద్రాసు కోట మ్యూజియానికీ సెలవు. గురువారం రాత్రి రైలెక్కి వారాంతం కలిపేవాళ్లు సరిగ్గా అందులో పడతారు. ఆదివారం ఉదయం రెండు చోట్లా పూజలు, ఆరాధనలు ఉంటాయి, చూడటానికి తిరగనివ్వరు. కాబట్టి శనివారం చర్చీలు చూసి, ఆదివారం పూజకో ఆరాధనకో కూర్చోవడం మంచి పద్ధతి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. షార్ట్స్ వేసుకున్న కుర్రాళ్లను బాం జీసస్ గుమ్మం దగ్గరే ఆపుతారు.

కాలం సంగతి. గోవాకు జూన్ నుంచి సెప్టెంబరు వరకు వద్దు, గుట్ట మెట్లు పాచి పట్టి జారుతాయి. డిసెంబరు 3 జేవియర్ పండుగకు ముందు తొమ్మిది రోజుల నవదిన ప్రార్థనలకు జనం విరగబడతారు. భక్తితో పోతే అదే మంచి సమయం, కట్టడాలు చూడాలంటే కాదు. మద్రాసుకు అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. రెండింటికీ సరిపడేది జనవరి చివర, ఫిబ్రవరి.

కర్నూలువాళ్లకు మెదక్ కూడా ఉంది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ కెథడ్రల్ 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, గోపురం 175 అడుగులు. రంగు అద్దాల కిటికీలకు వెలుగు బయటి నుంచే రావాలి కాబట్టి పొద్దుండగానే చేరాలి. హైదరాబాదులో రాత్రి ఆగి తెల్లవారి బయల్దేరితే సరిపోతుంది.