గంజాం తీరంలో పంచిన తుఫాను కిట్: వారానికన్నారు, ఐదు రోజులకే సరి

ఒడిశా గంజాం జిల్లాలో గోపాల్‌పూర్ నుంచి సోనాపూర్ దాకా మన తెలుగు మత్స్యకార పల్లెల్లో ఓ స్వచ్ఛంద సంస్థ పంచిన కిట్ ఇది. ఇంటికి ఒక బస్తా: 10 కిలోల బియ్యం, కిలో కందిపప్పు, లీటరు నూనె, కిలో ఉప్పు, 2 కిలోల అటుకులు, అరకిలో బెల్లం, క్లోరిన్ బిళ్లలు, ఓఆర్ఎస్.

అటుకులు, బెల్లం పెట్టినందుకు మెచ్చుకోవాలి. ఒడిశాలో తుఫాను సాయమంటే మొదట చేతికొచ్చేది చుడా (అటుకులు), గుడమే (బెల్లం). కట్టెలు తడిసి, పొయ్యి కరిగిపోయిన ఇంట్లో బియ్యం ఉన్నా ఉడకదు. కానీ ఐదుగురికి 2 కిలోలంటే ఒక్కరోజు తిండి. మూడు రోజులకైనా ఉండాలి, అంటే 5, 6 కిలోలు.

బస్తా మీద "వారం రేషన్" అని ఉంది. ఆ లెక్క నిలవదు. విపత్తు సాయంలో అందరూ పాటించే స్ఫియర్ ప్రమాణం మనిషికి రోజుకు 2,100 కేలరీలు. అందులో 1,400 దాకా 400 గ్రాముల బియ్యం నుంచే రావాలి. ఆ చొప్పున ఐదుగురికి 10 కిలోలు ఐదు రోజులు. రోజుకు 60 గ్రాముల చొప్పున పప్పు మూడు రోజులకే అయిపోతుంది. వారం వచ్చేవి నూనె, ఉప్పు మాత్రమే. పప్పు 2 కిలోలు చేయాలి, అదీ కంది కాదు, పెసర. తడి కట్టెల మీద కందిపప్పు ఉడకాలంటే ఉన్న కట్టెలన్నీ దానికే పోతాయి.

బెల్లం పలచటి కవరులో కట్టారు. చెమ్మకు కరిగి అటుకుల్లోకి దిగితే అవి ముక్కి, బూజు పడతాయి. మందపాటి కవరులో విడిగా కట్టాలి.

క్లోరిన్ బిళ్లల మీద తెలుగు ముక్క లేదు. అరగ్రాము బిళ్ల 20 లీటర్లకు సరిపోతుంది. ముందు నీళ్లు గుడ్డతో వడకట్టాలి, బిళ్ల వేశాక అరగంట ఆగాలి. మట్టినీళ్లలో వేస్తే క్లోరిన్ ఆ మట్టికే ఖర్చైపోతుంది.

పాలపొడి పెట్టకపోవడం చాలా మంచి పని. కలుషిత నీళ్లలో కలిపి పడితే పసిబిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి, తల్లిపాలూ తగ్గిపోతాయి. ఆరు నెలలు దాటిన పిల్లలకు మాత్రం అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా (వేయించిన ధాన్యాల పొడి) లాంటిది తప్పక చేర్చండి.

ఇంటికొకటి అన్న పద్ధతి అన్యాయం. తొమ్మిదిమందికీ ఇద్దరికీ ఒకే బస్తా. కొడుకులు సూరత్ వలస వెళ్లిన ముసలివాళ్లు వరుసలో నిలబడలేరు, వాళ్లకు ఇంటికే చేర్చాలి. పడవలు, వలలు బాగయ్యేదాకా సంపాదన ఉండదు గనుక రెండో విడత కావాలి. అప్పటికి అంగళ్లు తెరిస్తే సరుకు బదులు డబ్బే ఇవ్వండి.

గజపతి జిల్లా కొండలకు పంపేటప్పుడు రెండు సంచులు చేయండి. 2018 తిత్లీ తుఫానులోలా కొండచరియలు విరిగి దారి మూసుకుంటే 15 కిలోలు నెత్తిన మోయాలి. అటుకులు, బెల్లం, బిళ్లలున్న సంచి ముందు వెళ్లాలి, బియ్యం దారి తెరిచాక.