కొత్త ఊళ్లో స్నేహాల కోసం లామకాన్: ఒక సమీక్ష

ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి కొండాపూర్‌లోనో మణికొండలోనో గది తీసుకున్నవారికి ఆఫీసులో తోటివారూ హాస్టల్లో పక్కగదివారూ తొందరగానే పరిచయమవుతారు. నాటకమో, కవిత్వమో, డాక్యుమెంటరీ సినిమానో ఇష్టపడే మనుషులు దొరకడం మాత్రం అంత సులభం కాదు. అలాంటివారు ఎక్కడ చేరతారని అడిగితే నగరంలో చాలామంది మొదట చెప్పే పేరు బంజారాహిల్స్‌లోని సాంస్కృతిక కేంద్రం లామకాన్. అక్కడి ప్రదర్శనల గురించి ఇప్పటికే చాలామంది రాశారు కనుక ఈ సమీక్షలో ఒక్క ప్రశ్నకే పరిమితమవుతాను. ఎవరూ తెలియని మనిషి ఒంటరిగా అక్కడికి వెళితే నలుగురితో పరిచయాలు కలుగుతాయా? కలుగుతాయనే నా అభిప్రాయం. అయితే అందుకు కారణం వేదిక మీద జరిగేది కాదు, ప్రదర్శన ముగిశాక ఆవరణలో గడిచే అరగంట.

లామకాన్ 2010లో మొదలైంది. ఛాయాగ్రాహకుడు, డాక్యుమెంటరీ దర్శకుడు మొయీద్ హసన్ నివసించిన ఇంటిని ఆయన బంధుమిత్రులు సాంస్కృతిక కేంద్రంగా మార్చారు. రోడ్ నంబర్ 1 నుంచి లోపలికి వెళ్లే సందులో ఉన్న ఈ ఇంట్లో పెద్ద రాతిగుండు, చెట్లు, ఆరుబయట వేదిక, పక్కనే చిన్న క్యాంటీన్ ఉన్నాయి. సభ్యత్వం అనే పద్ధతి లేదు. కార్యక్రమం చూడడానికే రావాలన్న నియమమూ లేదు. పగలు ల్యాప్‌టాప్ తెరుచుకుని పని చేసుకునేవారూ, స్క్రిప్టు చదువుకునేవారూ, ఊరికే చాయ్ తాగి వెళ్లేవారూ కనిపిస్తారు. ఇల్లు ఇల్లులాగే మిగిలిపోవడం ఈ కేంద్రానికి పెద్ద బలమని నేననుకుంటాను. ఆడిటోరియం కట్టిన మరుక్షణం ప్రేక్షకుడికీ కళాకారుడికీ వేర్వేరు తలుపులు పుట్టుకొస్తాయి. ఇక్కడ అందరూ ఒకే గేటులోంచి వచ్చి, అదే గేటులోంచి వెళ్తారు.

ఈ చోటు పనిచేసే తీరు గమనించదగినది. క్యాంటీన్లో బల్ల దగ్గరికి వచ్చి ఆర్డరు తీసుకునేవారు ఉండరు. కౌంటరు దగ్గర డబ్బు చెల్లించి, చాయ్, సమోసాలు మనమే తెచ్చుకోవాలి. సాయంత్రం కార్యక్రమం ఉన్న రోజుల్లో కుర్చీల కన్నా మనుషులు ఎక్కువగా ఉంటారు కనుక ‘ఇక్కడ ఎవరైనా కూర్చున్నారా అండీ’ అని అడగకుండా కూర్చోవడం దాదాపు అసాధ్యం. ఆ ఒక్క ప్రశ్న సగం పని చేసిపెడుతుంది. బల్ల పంచుకున్న ఇద్దరు అదే నాటకానికి వచ్చినవారైతే మాట కలపడానికి వేరే సాకు వెతుక్కోనక్కరలేదు. ఖాళీ కప్పు ముందు పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నా బిల్లు తెచ్చి ఎదురుగా పెట్టేవారు లేరు కాబట్టి సంభాషణ తనంతట తాను ముగిసేదాకా సాగుతుంది. ప్రదర్శన అయ్యాక నటులూ వక్తలూ కూడా ఆ క్యాంటీన్ వైపే వస్తారు. నాటకంలో మీకు నచ్చని విషయాన్ని ఆ దర్శకుడికే మర్యాదగా చెప్పే అవకాశం రవీంద్రభారతి వంటి పెద్ద మందిరాల్లో ఎంతమంది ప్రేక్షకులకు దొరుకుతుంది?

రాత్రిపూట కాలక్షేపానికి నగరంలో పబ్బులకు కొదవలేదు. జూబ్లీహిల్స్ నుంచి గచ్చిబౌలి దాకా వరుసగా ఉన్నాయి. కానీ ఒంటరిగా వచ్చిన మగవారిని చాలా పబ్బులు తలుపు దగ్గరే ఆపేస్తాయి. జంటగా వస్తేనే ప్రవేశమనో, కవర్ చార్జీ కట్టాలనో అంటాయి. లోపలికి వెళ్లినా అక్కడున్నవారు అప్పటికే తమ బృందాలతో వచ్చినవారు, పైగా సంగీతం హోరులో పేరు చెప్పుకోవడమే కష్టం. ఉన్న స్నేహితులతో సరదాగా గడపడానికి పబ్బు బాగుంటుంది, లేని స్నేహితులను సంపాదించుకోవడానికి పనికిరాదు. లామకాన్‌లో మద్యం ఉండదు. దీన్ని లోపంగా చెప్పేవారు నాకు తెలుసు గానీ, అపరిచితులతో మొదటిసారి మాట్లాడే చోట అది లేకపోవడమే మేలని నా అనుభవం.

ఇక్కడికి ఎప్పుడు వెళ్లాలన్నది ముఖ్యం. ఏదో ఒక శనివారం వెళ్లి, ఏదో ఒక కార్యక్రమం చూసి, ఎవరూ పలకరించలేదని నిరాశపడి మళ్లీ రానివారు చాలామంది ఉంటారు. ఒక్కసారి వచ్చి పోయే మనిషిని ఎవరూ గుర్తుపెట్టుకోరు, అది ఈ చోటి తప్పు కాదు. నాలుగైదు సార్లు కనిపించిన ముఖానికే ‘మిమ్మల్ని పోయినసారి కూడా చూశానండీ’ అనే పలకరింపు దక్కుతుంది. అందుచేత పెద్ద పేరున్న ఒక్క కార్యక్రమం కోసం ఎదురుచూడడం కన్నా, అదే బృందం పదేపదే నిర్వహించే చిన్న కార్యక్రమాన్ని ఎంచుకుని వరుసగా వెళ్లడం మంచిది. కవితా పఠనాలూ, ఎవరైనా వేదికెక్కి తమ ప్రదర్శన ఇవ్వగలిగే ఓపెన్ మైక్‌లూ ఈ పనికి అన్నిటికన్నా బాగా పనికొస్తాయి. హైదరాబాద్‌లో స్టాండప్ హాస్యం వేళ్లూనుకున్న తొలి వేదికల్లో లామకాన్ ఒకటి. ఓపెన్ మైక్‌లో ఒక్కొక్కరికి కొద్ది నిమిషాలే ఇస్తారు. తడబడ్డవారికీ చప్పట్లు పడతాయి. తన వంతు కోసం ఎదురుచూస్తూ చేతులు నలుపుకునే మనిషి పక్కన కూర్చుని ‘మొదటిసారా?’ అని అడిగితే చాలు, ఆ రాత్రికి ఒక పరిచయం ఏర్పడినట్టే.

సినిమా ప్రదర్శనల సంగతి వేరు. చీకట్లో మౌనంగా కూర్చుంటాం, వెలుతురు రాగానే లేచి వెళ్లిపోతాం. తర్వాత దర్శకుడితో చర్చ ఉంటే తప్ప పరిచయాల లెక్కలో వాటికి తక్కువ మార్కులే వేస్తాను. ఉపన్యాసాలకు వయసు మళ్లినవారు ఎక్కువగా వస్తారు, వారితో మాటలు మొదలుపెట్టడం తేలిక గానీ ముగించడం కష్టం. ఈ మాట ఫిర్యాదుగా అనడం లేదు. పాత హైదరాబాద్ గురించి, ఇరానీ హోటళ్ల గురించి, మూతపడిన సినిమాహాళ్ల గురించి వారు చెప్పేవి ఏ పుస్తకంలోనూ అంత రుచిగా ఉండవు.

ఇంకా దగ్గరితనం కావాలనుకునేవారు ప్రేక్షకుల వరుసలోంచి లేచి పనిలో దిగాలి. ఇక్కడ ప్రదర్శనలిచ్చే చిన్న నాటక బృందాలకు కుర్చీలు సర్దేవారు, లైట్లు పట్టుకునేవారు, టికెట్లు చూసేవారు ఎప్పుడూ తక్కువే. ప్రదర్శన తర్వాత నిర్వాహకులను కలిసి చేయగలిగిన పని చెబితే కాదనే బృందాన్ని నేనింకా చూడలేదు. రిహార్సల్లో చాయ్ అందించిన మనిషికి దొరికే చనువు, టికెట్ కొని ముందు వరుసలో కూర్చున్నవారికి దొరకదు.

ఇక లోపాలు. తెలుగు పాఠకులకు ముందుగా చెప్పవలసింది భాష సంగతి. ఇక్కడి కార్యక్రమాల్లోనూ మాటల్లోనూ ఇంగ్లీషు, హిందీ, దక్కనీ ఉర్దూ ఎక్కువగా వినిపిస్తాయి, తెలుగు వాటి తర్వాతే. తెలుగు కవిత్వం చదివేవారు వస్తారు, తెలుగు నాటకాలూ జరుగుతాయి, అయినా గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చి ఇంగ్లీషులో చొరవగా మాట్లాడలేనివారు మొదటి సాయంత్రాల్లో కాస్త బిగుసుకుపోవచ్చు. తెలుగు సాహిత్య బృందాలే కావాలనుకునేవారికి బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం, చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభ ఎక్కువ ఉపయోగపడతాయి. సినిమా రంగంలో అడుగుపెట్టాలని వచ్చిన కుర్రవాళ్లు రవీంద్రభారతి ఆవరణలోని పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ కార్యక్రమాలనూ గమనిస్తూ ఉండాలి. అయితే ఆ సభామందిరాల్లో వందన సమర్పణ పూర్తయ్యేసరికి సగం మంది బస్టాపు దారి పడతారు. నేను మొదట చెప్పిన అరగంట అక్కడ దొరకడం అరుదు.

రెండో లోపం, ఏళ్ల తరబడి వస్తున్నవారు తమ బల్లల దగ్గర తామే కూర్చుంటారు. వారిది గర్వం కాదు, అలవాటు. కొత్తవారు చొరవ తీసుకోవలసిందే. మూడోది వాన. ఆవరణంతా ఆరుబయలే కాబట్టి జూలై, ఆగస్టు నెలల్లో జల్లు పడితే జనం చెల్లాచెదురవుతారు. కారులో వచ్చేవారికి సందు ఇరుకు.

ఒంటరిగా వచ్చే స్త్రీల విషయం విడిగా చెప్పాలి. రాత్రి తొమ్మిదింటికి ఒక అమ్మాయి ఒక్కతే బల్ల దగ్గర పుస్తకం చదువుకుంటూ కూర్చుంటే ఎవరూ వింతగా చూడని చోట్లు మన నగరాల్లో చాలా తక్కువ. లామకాన్ ఆ కొద్దివాటిలో ఒకటని నా స్నేహితురాళ్లు పలువురు చెప్పారు. నేను చూసినంతలో అది నిజమే. మాట్లాడాలనుకుంటే మనుషులు ఉన్నారు, మాట్లాడకూడదనుకుంటే పుస్తకం తెరిస్తే సరిపోతుంది.

రాత్రి పదిన్నర ప్రాంతానికి ఆవరణ ఖాళీ అవుతుంది. మాటలు అప్పుడే రసపట్టులో పడతాయి కనుక చాలా బృందాలు అక్కడి నుంచి లేచి మరోచోటికి వెళ్తాయి. ఇరానీ హోటలుకు వెళ్లేవారు కొందరు, తెల్లవారుజామున వెన్న దోసెలు వేసే నాంపల్లి రామ్ కీ బండి దాకా రాత్రంతా ఊరు తిరిగేవారు కొందరు. అప్పుడు మీరూ వస్తారా అని వారు అడిగితే, మర్నాడు ఆఫీసు ఉన్నా సరే, ఒక్కసారైనా వెళ్లమని నా సలహా.

సోమవారం లామకాన్‌కు సెలవు. చాలా కార్యక్రమాలకు ప్రవేశం ఉచితం, కొన్ని నాటకాలకూ హాస్య ప్రదర్శనలకూ టికెట్ ఉంటుంది. రాబోయే కార్యక్రమాల వివరాలు వారి వెబ్‌సైట్లో కనిపిస్తాయి. మెట్రోలో వచ్చేవారు రెడ్ లైన్‌లోని ఇర్రంమంజిల్ స్టేషన్లో దిగి ఆటో తీసుకోవచ్చు. హైటెక్ సిటీ వైపు నుంచి వచ్చేవారు అమీర్‌పేటలో రైలు మారాలి. కార్యక్రమం ఏడు గంటలకైతే ఆరింటికే చేరుకోండి. కుర్చీ దొరుకుతుంది, చాయ్ కోసం వరుసలో ముందు నిలబడ్డవారితో మాట్లాడడానికి తగినంత సమయమూ దొరుకుతుంది.