నామ్ జూన్ పైక్ టీవీల పటం: వాషింగ్టన్‌లో ఒక పూట

వాషింగ్టన్ చూడటానికి వెళ్ళే మనవాళ్ళలో చాలామంది శ్వేతసౌధం, లింకన్ స్మారకం, విమానాల మ్యూజియం చుట్టి వచ్చేస్తారు గానీ, గ్యాలరీ ప్లేస్ మెట్రో స్టేషను పక్కనే ఉన్న స్మిత్సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియం వైపు తొంగి చూడరు. అక్కడ ప్రవేశ రుసుము లేదు. వీడియో కళకు ఆద్యుడిగా పేరొందిన నామ్ జూన్ పైక్ 1995లో రూపొందించిన ‘ఎలక్ట్రానిక్ సూపర్‌హైవే’ ఒక్కదాని కోసమైనా అక్కడ ఒక పూట గడపవచ్చు.

అది గోడంత అమెరికా పటం. రాష్ట్రాల ఎల్లలను రంగురంగుల నియాన్ గొట్టాలు గీస్తే, లోపలంతా 336 టీవీలు పరుచుకుని ఉంటాయి. ఐడహోలో బంగాళాదుంపలు కనిపిస్తాయి. ఆర్కాన్సాలో మాత్రం, అక్కడ పుట్టి ఆయనతో కలిసి ఎన్నో ప్రదర్శనలిచ్చిన చెల్లో వాద్యకారిణి షార్లట్ మూర్మన్ కనిపిస్తుంది. రాష్ట్రానికొక దృశ్యం చొప్పున అన్నీ ఒకేసారి నడుస్తూ, శబ్దాలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం వల్ల ఏ ఒక్కటీ కుదురుగా చూడలేము. మొదట నాకు చిరాకు కలిగింది గానీ, పదినిమిషాలు నిలబడ్డాక ఆ గందరగోళమే ఆయన చెప్పదలచిన విషయమని తోచింది.

పైక్ 1932లో సియోల్‌లో పుట్టి, టోక్యోలో చదివి, సంగీతం కోసం జర్మనీ వెళ్ళి, 1963లో వూపర్టాల్ నగరంలో లోపలి అమరిక మార్చేసిన టీవీలతో ప్రదర్శన పెట్టాడు. 1965లో టీవీ పెట్టె మీద పెద్ద అయస్కాంతం ఉంచి బొమ్మను వంకరలు తిప్పి, దాన్నే కళగా చూపించాడు. (స్పీకరు అయస్కాంతంతో టీవీ రంగులు చెడగొట్టి చిన్నప్పుడు చీవాట్లు తిన్న నాకు ఆయన మీద కొంత అసూయ లేకపోలేదు.) ఇంటర్నెట్ ఇళ్ళకు చేరడానికి చాలా ముందే, 1974లో, ‘ఎలక్ట్రానిక్ సూపర్‌హైవే’ అన్న మాటను ఆయన ఒక నివేదికలో వాడాడు.

మ్యూజియం ఉదయం 11:30కి తెరుస్తారు కాబట్టి తొందరపడి వెళ్ళనక్కరలేదు. మనవాళ్ళ కళ్ళు ముందుగా టెక్సస్, న్యూజెర్సీల వైపు పోతాయి. తూర్పు అంచున రాజధాని ఉండే చోటును మాత్రం వదలకండి. అక్కడి చిన్న తెరలో రికార్డు చేసిన దృశ్యమేదీ లేదు; కెమెరా ముందు నిలబడిన మనమే కనిపిస్తాము.